రాజ్యం చేయని చక్రవర్తి పేరు మీద ఒక కంచు నాణెం



స్క్రీన్ మీద ఒక నాణెం ఫొటో పెట్టాను, ఒకసారి జూమ్ చేసి చూడండి. గోధుమ రంగు. రాగి చెంబుని కొన్నాళ్లు తోమకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మధ్యలో ఒక కుర్రాడి తల. చుట్టూ ఫ్రెంచ్‌లో "చక్రవర్తి రెండో నెపోలియన్" అని రాసి ఉంది. సంవత్సరం 1816. విలువ 10 సెంటీమ్‌లు. మనకి రూపాయికి వంద పైసలు ఎలాగో, అప్పట్లో ఫ్రాన్స్‌లో ఒక ఫ్రాంక్‌కి వంద సెంటీమ్‌లు అలా. అంటే ఇది వాళ్ల పది పైసల బిళ్ల లాంటిది.

ఇప్పుడు ఈ నాణెం గురించి నాలుగు విషయాలు చెప్తాను. ఒకటి, 1816లో ఫ్రాన్స్‌కి చక్రవర్తే లేడు. రెండు, ఇది 1816లో తయారవ్వలేదు. మూడు, ఇది ఫ్రాన్స్‌లో కూడా తయారవ్వలేదు. నాలుగు, దీన్ని ఇచ్చి ఏ షాపులోనూ ఎవరూ ఒక్క రొట్టె ముక్క కూడా కొనలేదు.

అయినా కూడా కాయిన్ కలెక్టర్లు దీని కోసం వేలంలో పోటీ పడతారు. ఎందుకు? ఈ రోజు ఎపిసోడ్ అదే.

అసలు సాఫ్ట్‌వేర్ వాడిని, నేను ఈ ఫ్రెంచ్ నాణెం దాకా ఎలా వచ్చానంటే, దానికి కారణం మా బాబాయ్. ఆయన రాజమండ్రిలో ఉంటారు. మా నాయనమ్మ పూజ గదిలో ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. ఒక వైపు శ్రీరామ పట్టాభిషేకం, ఇంకో వైపు ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధ అణా, 1818 అని ఉంటుంది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఉండే ఉంటుంది. నాయనమ్మ పోయాక అది బాబాయ్ దగ్గరికి వచ్చింది. పోయిన ఏడాది ఫోన్‌లో ఒక వీడియో చూశారు, "మీ ఇంట్లో ఈ నాణెం ఉందా? మీరు లక్షాధికారి" అని. కింద ఒక నంబర్. ఫోన్ చేశారు. మిగతాది మీరు ఊహించుకోగలరు. రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు, జీఎస్టీ అన్నారు, కొరియర్ ఇన్సూరెన్స్ అన్నారు. మొత్తం 18,500 రూపాయలు పోయాయి. లక్షలూ రాలేదు, ఆ నంబరూ మళ్లీ కలవలేదు.

మూడు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆయన. సంక్రాంతికి వెళ్తే డాబా మీద కూర్చున్నప్పుడు నాకు ఒక్కడికే చెప్పారు. ఆ బిళ్ల నా చేతిలో పెట్టి, "ఒరేయ్, డబ్బు పోతే పోయింది. ఇంతకీ ఇది నిజమైనదా, దొంగదా? అమ్మ రోజూ దీనికి బొట్టు పెట్టేది రా" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. తేదీ తప్పుగా వేసుకున్న నాణేలు ప్రపంచంలో ఇంకెక్కడ ఉన్నాయా అని వెతుకుతూ పోతే ఈ కుర్రాడి దగ్గర ఆగాను. బాబాయ్ దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను. ముందు ఈ అబ్బాయి ఎవరో చూద్దాం.

1811 మార్చి 20. పారిస్. నెపోలియన్ చక్రవర్తి భార్య మరీ లూయీజ్‌కి పురుడు. ఆవిడ ఆస్ట్రియా చక్రవర్తి కూతురు. జనానికి ముందే చెప్పి ఉంచారు, ఆడపిల్ల పుడితే 21 ఫిరంగులు, మగపిల్లాడైతే 101 అని. ఫిరంగులు మోగుతున్నాయి, ఊరంతా లెక్కపెడుతోంది. 21 అయ్యింది. తర్వాత 22వది మోగింది. అంతే, పారిస్ వీధుల్లో ఒకటే కేకలు. పుట్టగానే ఆ పిల్లాడికి ఇచ్చిన బిరుదు "రోమ్ రాజు". ఉయ్యాల్లో ఉండగానే రాజు అన్నమాట.

ఆ వైభవం ఎన్నాళ్లు? మూడేళ్లు. 1814 జనవరిలో నెపోలియన్ యుద్ధానికి వెళ్తూ కొడుకుని చూశాడు. అదే చివరిసారి. మార్చి ఆఖరుకి శత్రు సైన్యాలు పారిస్ దగ్గరికి వచ్చేశాయి. తల్లి పిల్లాడిని తీసుకుని రాజభవనం వదిలింది. వాడు రానని మారాం చేశాడని, తలుపులూ కటకటాలూ పట్టుకుని వేలాడాడని చెప్తారు. ఆ ఏడాదే ఆస్ట్రియాకి, తాతగారి ఇంటికి చేరారు. మళ్లీ ఫ్రాన్స్ గడ్డ మీద అడుగు పెట్టలేదు.

ఇప్పుడు 1815కి రండి. నెపోలియన్ ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకొచ్చి మళ్లీ గద్దె ఎక్కాడు. జూన్ 18న వాటర్లూలో ఓడిపోయాడు. జూన్ 22న గద్దె దిగుతూ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. దాని సారాంశం, నేను తప్పుకుంటున్నాను, నా కొడుకు రెండో నెపోలియన్ పేరుతో చక్రవర్తి అవుతాడు అని. మర్నాడు పారిస్‌లో ప్రతినిధుల సభ కూడా దానికి సరే అంది.

కొత్త చక్రవర్తి వయసు నాలుగేళ్లు. ఉన్నది వియన్నాలో, తాతగారి కాపలాలో. అసలు ఇలా ఒకటి జరిగిందని ఆ పసివాడికి అర్థమయ్యే వయసు కూడా కాదు. పారిస్‌లో ఫూషే అనే రాజకీయ నాయకుడి ఆధ్వర్యంలో ఐదుగురు సభ్యుల కమిషన్ ప్రభుత్వం నడిపింది. ఈ ఫూషే ఎలాంటివాడంటే, గాలి ఎటు వీస్తే అటు తిరిగే రకం. లోపల్లోపల పాత రాజవంశాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాట్లు చేసుకున్నాడు. జూలై 7న ఆ కమిషన్ రద్దు. జూలై 8న పద్దెనిమిదో లూయీ రాజు పారిస్‌లో మళ్లీ అడుగుపెట్టాడు.

లెక్క వేస్తే రెండో నెపోలియన్ "పరిపాలన" సుమారు రెండు వారాలు. మన కాలేజీల్లో సెమ్ సెలవులు కూడా ఇంతకంటే ఎక్కువ ఉంటాయి. ఆ రెండు వారాల్లో ఆ పిల్లాడి పేరుతో టంకశాల మామూలు చెలామణీకి ఒక్క నాణెం కూడా విడుదల చేయలేదు.

మరి 1816లో ఫ్రాన్స్‌ని ఏలింది ఎవరు? పద్దెనిమిదో లూయీ. దీనికి మన వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. యుద్ధాల టైంలో బ్రిటిష్ వాళ్లు ఇక్కడి ఫ్రెంచ్ ఊళ్లన్నీ పట్టుకున్నారు కదా. వాటిని తిరిగి ఇవ్వడం 1816 డిసెంబరులో పుదుచ్చేరితో మొదలైంది, ఆ తర్వాత గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం కూడా ఫ్రాన్స్‌కి వెళ్లింది. అప్పగించింది ఎవరికి? లూయీ రాజు ప్రభుత్వానికి. అంటే ఈ నాణెం మీద ఉన్న సంవత్సరంలోనే, మన యానాం కూడా రెండో నెపోలియన్‌ది కాదు.

సరే, మరి ఈ నాణెం ఏంటి?

కేటలాగుల్లో వెతికితే దీని పేరు ముందు ఒక ఫ్రెంచ్ మాట ఉంటుంది. అక్షరాలు చూసి మనవాళ్లు "ఎస్సై" అని చదువుతారు. పోలీస్ స్టేషన్‌లో ఎస్సై కాదు ఫ్రెండ్స్. ఫ్రెంచ్‌లో దాన్ని "ఎస్సే" అని పలుకుతారు, అర్థం "ప్రయత్నం", "ట్రయల్". ఇంగ్లీషులో ప్యాటర్న్ కాయిన్ అంటారు. మనం నమూనా నాణెం అనుకుందాం.

ఇది ఎలా పనిచేస్తుందో సింపుల్‌గా చెప్తా. కొత్త నాణెం తేవాలంటే ముందు శిల్పి బొమ్మ చెక్కుతాడు. దాన్నుంచి ఉక్కు అచ్చులు తయారవుతాయి, పైదానికొకటి, కిందదానికొకటి. రెండిటి మధ్య లోహపు బిళ్ల పెట్టి గట్టిగా కొడితే నాణెం. కానీ మొదటి దెబ్బకే బంగారమో వెండో పెట్టరు కదా. తగరం, సీసం, రాగి, కంచు లాంటి చవక లోహాల మీద కొట్టి చూస్తారు. ముక్కు సరిగ్గా పడిందా, అక్షరాలు నిండాయా, అంచు లేచిందా అని. మెత్తటి తగరం మీద అచ్చులోని గీత గీతా కనిపిస్తుంది. పై అధికారులకి చూపిస్తారు. ఓకే అంటే అసలు లోహంలో కొట్టడం మొదలు. వద్దంటే ఆ నమూనాలు అలాగే మిగిలిపోతాయి. కొన్నే ఉంటాయి కాబట్టే అవి అరుదు. లోహం విలువ చూస్తే చిల్లు కాణీ. దాని వెనక ఉన్న కథే అసలు ఖరీదు.

మన భాషలో చెప్పాలంటే అది టెస్ట్ బిల్డ్. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒక యాప్ మీద పద్నాలుగు నెలలు పనిచేశాను. రిలీజ్‌కి ముందు పై వాళ్లు ప్రాజెక్ట్ ఆపేశారు. ఆ యాప్ ప్లే స్టోర్‌లో ఎప్పుడూ లేదు. కానీ దాని టెస్ట్ బిల్డ్ నా పాత ఫోన్‌లో ఇప్పటికీ ఓపెన్ అవుతుంది. నిజమైన నమూనా నాణెం అలాంటిదే. జరగాల్సింది, జరగకుండా ఆగిపోయింది, దానికి మిగిలిన సాక్ష్యం.

మొదట నేను ఈ రెండో నెపోలియన్ నాణెం కూడా అలాంటిదే అనుకున్నాను. 1815లో ఎవరో నమ్మకంగా, వచ్చే ఏడాదికి మన బుల్లి చక్రవర్తి పేరుతో నాణేలు కావాలి అని తయారు చేసి ఉంటారని. ఎంత బాగుంది కథ! కానీ కాదు.

ఇక్కడ కాస్త డిటెక్టివ్ పని చేద్దాం. బొమ్మ వదిలేయండి, పేరు వదిలేయండి, తేదీ వదిలేయండి. లోహం ఒక్కటే చూద్దాం.

మొదటి నెపోలియన్ కాలంలో ఫ్రాన్స్‌లో చిల్లర పరిస్థితి ఏంటంటే, ఒక గందరగోళం. విప్లవానికి ముందు రాజుల రాగి నాణేలు ఇంకా తిరుగుతున్నాయి. విప్లవ కాలంలో చర్చి గంటలు కరిగించి కొట్టిన నాణేలు ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన రాగి సెంటీమ్‌లు ఉన్నాయి. నెపోలియన్ తన 10 సెంటీమ్‌ల నాణేన్ని 1807 నుంచి 1810 వరకు కొట్టించాడు. దాని మీద ఆయన బొమ్మ ఉండదు, కిరీటం కింద ఆయన పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. బరువు 2 గ్రాములు. లోహం బిల్లన్, అంటే కాస్త వెండి, మిగతాదంతా రాగి. చిన్న బిళ్ల, చేతిలోంచి జారిపోతే వెతుక్కోవాల్సిందే.

1814లో ఆంట్వెర్ప్ నగరాన్ని శత్రువులు చుట్టుముట్టినప్పుడు లోపల చిల్లర అయిపోయింది. జీతాలు ఇవ్వాలి, సరుకులు కొనాలి. అప్పుడు అక్కడే చవక లోహంతో 5, 10 సెంటీమ్‌ల నాణేలు కొట్టారు. అవి చూడ్డానికి మొరటుగా ఉంటాయి, కానీ నిజమైన డబ్బు. వాటితో మనుషులు తిండి కొనుక్కున్నారు.

మరి చక్కటి కంచుతో, నున్నగా, అందంగా చక్రవర్తి తల ఉన్న 10 సెంటీమ్‌ల బిళ్ల ఫ్రాన్స్ జనానికి ఎప్పుడు వచ్చింది? 1852లో. ఆ ఏడాది మే 6న ఒక చట్టం చేశారు. పాత చిల్లరంతా వెనక్కి తీసుకుని కొత్త కంచు నాణేలు ఇవ్వాలని. వంద భాగాల్లో 95 రాగి, 4 తగరం, 1 జింకు. ఒట్టి రాగి కంటే గట్టిది, తొందరగా అరగదు. ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, 1 సెంటీమ్ బరువు 1 గ్రాము, 2 సెంటీమ్‌లు 2 గ్రాములు, 5కి 5 గ్రాములు, 10కి 10 గ్రాములు. అంటే జేబులో చిల్లర ఉంటే తూకం రాళ్లు కూడా ఉన్నట్టే. ఎంత నీట్ డిజైన్ చూడండి. ఈ ఫార్ములా ఎంత హిట్ అయ్యిందంటే, 1860లో బ్రిటన్ తన పెన్నీని ఇదే మిశ్రమంలోకి మార్చేసింది. ఇక్కడ 1906 నుంచి పావు అణా కూడా రాగి నుంచి కంచుకి మారింది. మన తాతల నోట్లో నానిన కాణీ అదే.

ఇప్పుడు మళ్లీ మన నాణెం చూడండి. కంచు చిల్లర సిరీస్. 10, 5, 3, 1 సెంటీమ్‌లు. పైన 1816 తేదీ. 1816లో ఎవరైనా చిల్లర డిజైన్ చేసి ఉంటే వాళ్ల కళ్ల ముందు ఉన్నది రాగి, బిల్లన్, గంటల లోహం. ఈ కంచు ఐడియా 1850ల ఐడియా. పైగా 3 సెంటీమ్‌ల నాణెం ఫ్రాన్స్ జనం చేతుల్లో ఎప్పుడూ తిరగనే లేదు.

డెవలపర్స్ అయితే ఇది వెంటనే పట్టుకుంటారు. గిట్‌లో కమిట్ చేసేటప్పుడు తేదీ మనకి ఇష్టమొచ్చింది ఇచ్చుకోవచ్చు. 2026లో కూర్చుని 2016 తేదీతో కమిట్ వేయొచ్చు, లాగ్‌లో 2016 అనే కనిపిస్తుంది. కానీ లోపల వాడిన లైబ్రరీ 2022లో వచ్చిందనుకోండి, దొరికిపోతారు. తేదీ ఎవరైనా రాస్తారు, డిపెండెన్సీ అబద్ధం చెప్పదు. ఇక్కడ ఆ లైబ్రరీ పేరు కంచు.

నాణేల చరిత్రకారులు తేల్చింది కూడా ఇదే. రెండో నెపోలియన్ పేరుతో 1816 తేదీ ఉన్న ఈ నమూనాలు, కంచు చిల్లరతో పాటు వెండిలో పావు ఫ్రాంక్ నుంచి 5 ఫ్రాంక్‌ల దాకా ఉన్న సెట్ మొత్తం, 1860 ప్రాంతంలో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో తయారైంది. కేటలాగులు వుర్డెన్ అనే మెడల్ శిల్పి పేరు చెప్తాయి. అంటే తేదీకీ తయారీకీ మధ్య నలభై ఏళ్ల పైనే తేడా. బొమ్మలో ఉన్న కుర్రాడు అప్పటికి చనిపోయి కూడా పాతికేళ్లు దాటింది.

అవును, చనిపోయాడు. ఆ కథ కూడా చెప్పాలి.

వియన్నాలో ఆ పిల్లాడి పేరు మార్చేశారు. నెపోలియన్ అనకూడదు, ఫ్రాంజ్ అనాలి. చుట్టూ ఉన్న ఫ్రెంచ్ మనుషుల్ని పంపించేశారు. 1818లో తాతగారు "రైఖ్‌స్టాట్ డ్యూక్" అని ఒక బిరుదు ఇచ్చారు. తండ్రి పేరు ఎక్కడా వినిపించని బిరుదు. ఆస్ట్రియా సైన్యంలో పెరిగాడు. తండ్రి 1821లో ఎక్కడో అట్లాంటిక్ మధ్యలో సెయింట్ హెలీనా ద్వీపంలో చనిపోయాడు, తన వస్తువుల్ని కొడుక్కి వీలునామా రాసి. కొడుక్కి క్షయ వచ్చింది. 1832 జూలై 22న వియన్నాలోని షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో కన్నుమూశాడు. వయసు 21. విచిత్రం ఏంటంటే, 1805లో, 1809లో వియన్నాని గెలిచినప్పుడు నెపోలియన్ బస చేసింది అదే ప్యాలెస్‌లో. ఆ అబ్బాయి పెంచుకున్న ఒక చిన్న పిట్టని ఇప్పటికీ అక్కడ భద్రంగా దాచి చూపిస్తారు.

మరి చనిపోయిన ఇన్నేళ్లకి ఆయన పేరుతో నాణేలు ఎందుకు? ఇక్కడ 1860 అనే టైమింగ్ చూడండి. అప్పుడు ఫ్రాన్స్‌ని ఏలుతున్నది ఎవరు? మూడో నెపోలియన్, మొదటాయన తమ్ముడి కొడుకు. 1852 డిసెంబర్ 2న చక్రవర్తి అయినప్పుడు తనని తాను "మూడో" అని పిలుచుకున్నాడు. అంటే ఏంటి? మధ్యలో రెండో వాడు ఉన్నాడని చెప్పినట్టే కదా. ఆ రెండు వారాల పిల్ల చక్రవర్తి లెక్కలోకి వచ్చేశాడు, అదీ చనిపోయిన ఇరవై ఏళ్లకి.

ఇప్పుడు ఒక కలెక్టర్ ఆల్బమ్ ఊహించుకోండి. మొదటి నెపోలియన్ నాణెం ఉంది. మూడో నెపోలియన్ నాణెం ఉంది. మధ్యలో ఖాళీ. కలెక్టర్ అనేవాడు ఆ ఖాళీని చూస్తూ నిద్రపోలేడు. బ్రసెల్స్ అచ్చులు ఆ ఖాళీని నింపాయి. నా అభిప్రాయంలో అందులో వ్యాపారం ఉంది, అభిమానమూ ఉంది. రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాల్సిన పని లేదు.

ఇలా చేసింది ఒక్క బోనపార్టు అభిమానులే కాదు. 1830లో రాజు పదో షార్ల్ దిగిపోయాక, అతని మనవడే మా రాజు, ఐదో హెన్రీ అని నమ్మినవాళ్లు అతని పేరుతో 1831 తేదీ వేసి నాణేలు కొట్టించుకున్నారు. అతను ఎప్పుడూ రాజ్యం చేయలేదు. 1870లో మూడో నెపోలియన్ సామ్రాజ్యం కూలిపోయింది. అతని ఒక్కగానొక్క కొడుకు 1874 మార్చిలో 18 ఏళ్లకి మేజర్ అయ్యాడు. "నాలుగో నెపోలియన్, చక్రవర్తి" అంటూ 1874 తేదీతో నమూనాలు వచ్చాయి. ఆ కుర్రాడు 1879 జూన్ 1న దక్షిణాఫ్రికాలో, బ్రిటిష్ సైన్యంతో వెళ్లి జులూ యోధుల చేతిలో చనిపోయాడు. వయసు 23. మొదటి నెపోలియన్ కొడుకూ, మూడో నెపోలియన్ కొడుకూ, ఇద్దరూ చక్రవర్తులైంది ఇలాంటి బిళ్లల మీదే.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది దొంగ నాణెమా?

దొంగ నాణెం అంటే చెలామణీలో ఉన్న నాణేన్ని అనుకరించి, షాపువాడిని మోసం చేయడానికి కొట్టేది. ఇది అలా కాదు. అనుకరించడానికి అసలు నాణెం లేదు కదా! దీంతో ఎవరూ ఏమీ కొనలేదు. కానీ ఇది 1816 నాటి నాణెం అని చెప్పి అమ్మితే మాత్రం అది పక్కా మోసం. బిళ్ల ఒక్కటే. పక్కన ఏం చెప్తున్నామన్న దాన్ని బట్టి అది చరిత్ర అవుతుంది, లేదా చీటింగ్ అవుతుంది. 1816 రాజుగారి గురించి ఈ నాణెం మనకి ఏమీ చెప్పదు. 1860లో మనుషులు దేన్ని మర్చిపోలేకపోయారో అది చెప్తుంది.

పారిస్ టంకశాల దీనికి ఒక మంచి పద్ధతి పెట్టింది. పాత మెడల్స్‌ని పాత అచ్చులతోనే మళ్లీ కొట్టి అమ్మేవాళ్లు. కానీ 1832 నుంచి అంచు మీద ఒక చిన్న గుర్తు వేశారు. ముందు దీపం, తర్వాత లంగరు, ఓడ ముక్కు, చూపుడు వేలు, 1860 నుంచి తేనెటీగ, 1880 నుంచి పండ్ల కొమ్ము. మెడల్ ముఖం మీద 1805 అని ఉన్నా, అంచు మీద తేనెటీగ ఉంటే అది 1860కి ముందుది కాదు. ముఖం కథ చెప్తుంది, అంచు నిజం ఒప్పుకుంటుంది. మన బ్రసెల్స్ నాణెం తేదీ ఆ నిజాయితీ చూపించలేదు, అందుకే లోహాన్ని అడగాల్సి వచ్చింది.

ఇప్పుడు మా బాబాయ్ బిళ్ల దగ్గరికి వద్దాం.

ఆ 1818 రామ పట్టాభిషేకం అర్ధ అణాని ఈస్ట్ ఇండియా కంపెనీ ఎప్పుడూ కొట్టించలేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. కంపెనీ నాణేల మీద మన దేవుళ్లు అసలు లేరని అనకండి, ఉన్నారు. మద్రాసు వైపు కంపెనీ కొట్టించిన బంగారు వరహాల్లో మూడు స్వాముల వరహా అని ఒకటి ఉంది, దాని మీద ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరుడు ఉంటాడు. కానీ ఈ రాముడి ఇత్తడి, రాగి అణాలు మాత్రం గుళ్ల దగ్గర, తీర్థాల్లో అమ్మడానికి తర్వాతి కాలంలో చేసిన భక్తి బిళ్లలు. మీద వేసిన తేదీ, కంపెనీ పేరు అంతా అలంకారం. బ్రసెల్స్ నాణేనికి అన్నదమ్ములే.

వాటికి లక్షలు రావు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు, లోగో వాడుకుని ఫీజులు, కమిషన్లు, పన్నులు అడుగుతున్నవాళ్లని నమ్మొద్దు, అలా వసూలు చేయడానికి తాము ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని. గుర్తుపెట్టుకోండి, మీ దగ్గర కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి. మీ దగ్గర ముందు డబ్బు అడిగాడంటే అక్కడ అమ్ముడుపోతున్నది నాణెం కాదు, మీరు. ఇప్పటికే పోగొట్టుకుని ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. బాబాయ్ మూడు నెలలు ఆగకుండా ఉంటే బాగుండేది.

ఇదంతా ఆయనకి ఫోన్‌లో చెప్పాను. పారిస్, వియన్నా, బ్రసెల్స్, కంచు, అన్నీ. ఓపిగ్గా విన్నారు. చివరికి "అయితే మనది దొంగదే అంటావు" అన్నారు.

"తేదీ దొంగది బాబాయ్. నాయనమ్మ పెట్టిన బొట్టు కాదు" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లాడి సంగతి ఏమైంది చివరికి? వియన్నాలోనే ఉండిపోయాడా?" అని అడిగారు.

ఉండిపోలేదు. 1940 డిసెంబర్‌లో, పారిస్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, హిట్లర్ ఆజ్ఞ మీద అతని శవపేటికని వియన్నా నుంచి పారిస్ తెచ్చి తండ్రి సమాధి ఉన్న ఇన్వాలిడ్‌లో ఉంచారు. ఫ్రెంచ్ వాళ్లని మంచి చేసుకోవడానికి చేసిన పని అది. జనం కరగలేదు. గడ్డకట్టే చలి, ఇళ్లలో బొగ్గు లేదు. మేం బొగ్గు అడిగితే వీళ్లు చితాభస్మం తెచ్చారు అని పారిస్‌లో జోకులేసుకున్నారు. గుండె మాత్రం ఇప్పటికీ వియన్నాలోనే ఉంది, అక్కడి రాజవంశం ఆచారం ప్రకారం వేరు చేసి ఒక చర్చిలో ఉంచారు.

బాబాయ్ ఆ బిళ్లని మళ్లీ పూజ గదిలో పెట్టేశారు. మొన్న పిన్ని ఫొటో పంపింది. బొట్టు కూడా ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి బిళ్ల ఉంటే అమ్మే ఆలోచన పక్కన పెట్టి, ముందు అది ఇంట్లోకి ఎలా వచ్చిందో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. వాళ్లు చెప్పింది కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.